వంకర ప్లస్సు గుర్తు

"అది పుట్టుమచ్చ కాదు."

కొత్తగా కలిసినవాళ్ళు నమస్కారం అంటారు. లేదా కరెంటు గది ఎటండీ అని అడుగుతారు. అతను మాత్రం నోరు తెరవగానే ఈ మాట అన్నాడు.

ఆమె బెంచీ మీద కూర్చున్న మామ్మగారికి ఫారం అందిస్తోంది. పక్కనే నిలబడ్డ మనవడు ఫారం చూడలేదు, మనిషిని చూడలేదు. చూపు తిన్నగా ఆమె కుడి మణికట్టు మీద వాలింది.

"ఏది?" అంది ఆమె, ఏదో తెలిసి కూడా.

"ఆ చుక్క. పుట్టుమచ్చయితే నలుపో గోధుమరంగో ఉంటుంది. ఇది నీలం తిరిగింది. పైగా సూది లోతుగా దిగి అంచు చెదిరింది. ఎవరండీ వేసింది? చెయ్యి వణికినట్టుందే!"

ఆమె గబుక్కున కోటు చెయ్యి కిందికి లాక్కుంది. మూడేళ్ళుగా ఎవరూ పట్టుకోలేదు. కన్నతల్లికే పుట్టుమచ్చ అని చెప్పి నమ్మించింది. ఈయనెవరు, మధ్యలో వచ్చి!

"మీరేమైనా డాక్టరా?"

"పచ్చబొట్లు వేస్తానండి. టాటూ షాపు. కళ్ళజోళ్ళ దుకాణం మేడ మీద."

"ఎంత గర్వంగా చెప్పుకుంటున్నాడో చూడమ్మా," అంది మామ్మగారు. "లోకంలో పనులన్నీ అయిపోయినట్టు జనాల ఒళ్ళు పొడిచే పని దొరికింది వీడికి. నేను సూదిగాడనే పిలుస్తా. నువ్వూ అలాగే పిలు, మొహమాటపడకు."

"నానమ్మా!"

"ఏం నానమ్మ? ఉన్నమాటేగా."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే చనువిచ్చినట్టవుతుందని పెదవి కొరుక్కుంది. మనవడు, ఆ సూది బాబు, అది కూడా చూసేశాడు.

ఆసుపత్రిలో ఆమెను అందరూ మిల్లీమీటరు అంటారు. కంతి తీసేసిన చోట మళ్ళీ మొలవకుండా కరెంటు, అంటే రేడియేషన్, పెట్టే విభాగంలో టెక్నీషియన్. రోగిని బల్ల మీద పడుకోబెట్టి, గోడల్లోంచి వచ్చే ఎర్ర గీతలు ఒంటిమీది గుర్తుల మీద సరిగ్గా పడేలా సర్దడం ఆమె పని. మిగతావాళ్ళు ఒకసారి చూసుకునే చోట ఆమె మూడుసార్లు చూస్తుంది. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి నాలుగోసారి చూస్తుంది. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి పరుగెత్తుకొచ్చే తల్లి పెంచిన పిల్ల మరెలా ఉంటుంది?

"మామ్మగారూ, మీ దండచేతిలో గడ్డ శుభ్రంగా తీసేశారు. ఇరవై ఐదు రోజులు కరెంటు పెడితే ఇక భయం లేదు. ముందు మూడు చుక్కలు పెట్టాలి. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. ఆవగింజలో సగం ఉంటాయి."

"చెరుగుతాయా?"

"చెరగవండి. సిరాలో ముంచిన సూదితో..."

"అంటే పచ్చబొట్టు." మామ్మగారు చెయ్యి వెనక్కి లాగేసుకుంది. "వద్దు తల్లీ. ఒంటిమీద గుర్తులు పొడిపించుకోకూడదని మా గ్రంథంలో ఉంది. ఆయన ఎలా పంపాడో అలాగే తిరిగి అప్పజెప్పాలి."

"ఆపరేషన్ కుట్లు ఉన్నాయి కదండీ?"

"అది గాయం. ఇది రాత. రెండూ ఒకటెలా అవుతాయి?"

మిల్లీమీటరు కబురు పెట్టింది. డాక్టరమ్మ వచ్చి బతిమాలింది. మామ్మగారు వినలేదు. చివరికి పెన్నుతో ప్లస్సు గుర్తులు గీసి, పైన పల్చటి ప్లాస్టిక్ పొర అంటిద్దామని ఒప్పందం కుదిరింది. తడవకూడదు, రుద్దకూడదు.

"నేను చూసుకుంటా మేడమ్," అన్నాడు సూది బాబు. "పొర అంటించడం నాకు రోజూ అలవాటే."

"మీరు చూసుకుంటే చాలు. చెయ్యి పెట్టకండి," అంది ఆమె.

వద్దన్నదే జరిగింది చివరికి.

వారాంతం సెలవు తర్వాత సోమవారం పొద్దున మామ్మగారు బల్ల మీద పడుకుంది. మిల్లీమీటరు ఆవిడ జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. మూడు గుర్తులూ ఉన్నాయి. పైన పొర ముడత లేకుండా అంటుకుని ఉంది. ఎర్ర గీత వాటి మీద వాలింది. అంతా బాగుంది.

మరీ బాగుంది.

"ఇవి నేను గీసినవి కావు," అంది ఆమె.

"నువ్వే గీశావు కదమ్మా?" అంది మామ్మగారు. కళ్ళు మాత్రం పైకప్పు పలకలు లెక్కపెడుతున్నాయి.

"నా ప్లస్సు ఎప్పుడూ ఎడమకి వాలుతుందండీ. మా సీనియర్ రోజూ వెక్కిరిస్తాడు. ఇవి స్కేలు పెట్టి గీసినట్టున్నాయి."

ఆమె కరెంటు మొదలుపెట్టలేదు. ముందు ఎక్స్‌రే ఫొటో తీసి పాత స్కాన్‌తో పోల్చింది. గుర్తు ఎనిమిది మిల్లీమీటర్లు పక్కకి జరిగి ఉంది. ఒక్క నిమిషం ఏమరితే ఏమయ్యేది? ఆరోగ్యంగా ఉన్న చోట కరెంటు పడేది. గడ్డ ఉన్న చోట పడకుండా పోయేది. ఆర్నెల్ల తర్వాత ఆ గడ్డ మళ్ళీ వచ్చేది. ఆ తర్వాత... ఆ తర్వాతవన్నీ తలుపు దాటేలోపే ఆమె కళ్ళముందు తిరిగిపోయాయి.

బయట సూది బాబు లేచి నిలబడ్డాడు.

"గీశారా?"

"గీశాను." అబద్ధం చెప్పాలన్న ఆలోచన కూడా అతనికి వచ్చినట్టు లేదు. "నిన్న ప్రార్థనకు గీతలతో వెళ్ళనని సబ్బు పెట్టి రుద్దేసింది. పొద్దున చూసుకుని ఏడుపు. నాకు చోటు గుర్తుంది. నేను చుక్క పెడితే తప్పదండీ, పదేళ్ళ చెయ్యి ఇది. నిలబెట్టి, చెయ్యి వదులుగా వేలాడేయించి మరీ..."

"నిలబెట్టా?"

"మరి? డిజైను అంటించేటప్పుడు మనిషి మామూలుగా నిలబడాలి. పడుకుంటే చర్మం జరిగిపోతుంది కదా..." అతని ముఖంలో రంగు దిగిపోయింది. "మీరు పడుకోబెట్టి గీస్తారు."

"అవును. కరెంటు పడుకోబెట్టి పెడతాం కాబట్టి."

ఇద్దరూ ఒక్క క్షణం ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపులో ప్రేమా లేదు, దోమా లేదు. పని తెలిసిన ఇద్దరు మనుషుల భయం ఉంది, అంతే.

"ఎంత జరిగింది?"

"ఎనిమిది మిల్లీమీటర్లు."

అతను బెంచీ మీద కూలబడ్డాడు. అతన్ని నాలుగు దులపాలని వచ్చిన మనిషి, వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియలేదు.

డాక్టరమ్మ ఈసారి మెత్తగా చెప్పలేదు. గురువారం మళ్ళీ స్కాన్ తీస్తాం, చెరగని చుక్కలకు ఒప్పుకుంటేనే మొదలుపెడతాం, గీతలు ఇలా చెరిగిపోతుంటే మేలుకంటే కీడే ఎక్కువ, అంది.

"అయితే మానేస్తా," అంది మామ్మగారు, ఇంటికి ఏదో సరుకు వద్దన్నంత తేలిగ్గా.

సాయంత్రం వాన. మిల్లీమీటరు ఇంటికి వెళ్ళాల్సిన బస్సు ఎక్కలేదు. తడి మెట్ల మీద ఒక్కో అడుగూ చూసుకుంటూ, గోడ పట్టుకుని, కళ్ళజోళ్ళ దుకాణం మేడ ఎక్కింది.

షాపు చూసి కాస్త తెల్లబోయింది. మసక లైట్లు, పుర్రె బొమ్మలు ఉంటాయనుకుంది. ఆపరేషన్ థియేటర్లా తెల్లగా ఉంది. అతను చేతులు మోచేతుల దాకా కడుక్కుంటున్నాడు.

"మిల్లీమీటర్ గారా! రండి, రండి. చుక్క సరిచేయించుకోవడానికా?"

"నా పేరు మీకెవరు చెప్పారు?"

"మీ సీనియర్. ఇంకా చాలా చెప్పారు. టిఫిన్ డబ్బా మూత మూడుసార్లు తిప్పి చూస్తారటగా?"

"నాలుగుసార్లు." తువ్వాలు అందుకుని జుట్టు తుడుచుకుంది. అప్పుడు కనిపించాయి అతని చేతులు. భుజాల దాకా మడిచిన చొక్కా. మెడ, చేతులు, ఎక్కడా ఒక్క గుర్తు లేదు.

"మీకు ఒక్క పచ్చబొట్టూ లేదే!"

"నానమ్మకి మాటిచ్చాను. నేను ఈ పని నేర్చుకుంటానంటే నెల్లాళ్ళు మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు, ఊళ్ళోవాళ్ళ ఒళ్ళు వాళ్ళిష్టం, నీ ఒళ్ళు మాత్రం నేను నీళ్ళు పోసి పెంచింది, దాని మీద గీత పడకూడదు అంది. సరేనన్నాను. పచ్చబొట్టు లేని టాటూవాడిని ఈ వీధి మొత్తానికి నేనొక్కణ్ణే. కస్టమర్లు అనుమానంగా చూస్తారు."

"నేను కూడా చూస్తున్నా."

"మీరు చూస్తే పర్వాలేదు."

బయట వాన ఇంకాస్త గట్టిగా పడింది. మిల్లీమీటరు ఉన్నట్టుండి గోడ మీది బొమ్మల్ని శ్రద్ధగా చూడటం మొదలుపెట్టింది. ఒక పటంలో ఎండిపోయిన మనిషి ఆకారం, ఒంటిమీద చిన్న చిన్న గీతలు.

"ఈయనెవరు?"

"మంచులో కూరుకుపోయి దొరికాడు. అయిదు వేల ఏళ్ళ కిందటి మనిషి. ఒంటినిండా గీతలే. చాలావరకు నడుము దగ్గర, మోకాళ్ళ దగ్గర, చీలమండల దగ్గర. ఆ కీళ్ళు అరిగిపోయి ఉన్నాయట. నొప్పి తగ్గడానికి వేసి ఉంటారని కొందరంటారు."

"అంటే వైద్యం!"

"అవును. అందంకోసం కాకపోవచ్చు."

"మరి మావీ అవేగా!" ఆమె గొంతు పెరిగింది. "మామ్మగారికి ఇది చెప్పలేదా?"

"చెప్పాను. ఆ మంచు మనిషి మన మందిరానికి వచ్చేవాడా అని అడిగింది."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక అతను నెమ్మదిగా అన్నాడు.

"నాకు ఆవిడ తప్ప ఎవరూ లేరండీ."

మిల్లీమీటరు తువ్వాలు మడతపెట్టింది. అంచులు కలవలేదని విప్పి మళ్ళీ మడతపెట్టింది. "రేపు మందిరానికి వెళ్దాం. మీ పెద్దాయన్నే అడుగుదాం. ఆవిడ నీ మాట వినకపోతే, నా మాట వినకపోతే, ఆయన మాట వింటుంది."

"నీ మాట అన్నారు!"

"అన్నానా? మీ మాట."

"లేదు, మొదటిదే బాగుంది."

మందిరం పెద్దాయన పొడిమాటల మనిషి. చెప్పులు వాకిట్లో విడిచి, ముగ్గురూ చాప మీద కూర్చుని చెప్పిందంతా విన్నాడు.

"మన గ్రంథం వద్దంది నిజమే," అన్నాడు. "ఆ కాలంలో పోయినవాళ్ళ కోసం ఒళ్ళు కోసుకునేవాళ్ళు. బానిసల మీద యజమాని గుర్తు పొడిచేవాళ్ళు. మనిషి దేవుడి సొత్తు తప్ప ఇంకెవరి సొత్తూ కాదని చెప్పడానికే ఆ మాట అని నాకు అర్థమైంది. కాదు, వద్దంటే ఏదైనా వద్దే అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళదీ భక్తే. యాత్ర చేసొచ్చిన గుర్తుగా ముంజేతి మీద పొడిపించుకునే భక్తులు కూడా ఉన్నారు."

"ఇంతకీ నన్ను వేయించుకోమంటారా, వద్దంటారా?" అంది మామ్మగారు.

"రెండూ అనను. ఒక్కటి చూసుకో. ఆ గుర్తుతో ప్రార్థనకు కూర్చున్నప్పుడు, దాన్ని కప్పుకోవాలనిపిస్తుందా? చెయ్యి చాపి, ఇదిగో ఇందుకు వేయించుకున్నానయ్యా అని చెప్పుకోవాలనిపిస్తుందా? చెప్పుకోగలిగితే వేయించుకో."

వాకిట్లోకి వచ్చాక మామ్మగారు చెప్పులు వేసుకోకుండా నిలబడిపోయింది. ఉన్నట్టుండి మిల్లీమీటరు చెయ్యి పట్టుకుని కోటు పైకి జరిపింది.

"ఇది మచ్చ కాదని వీడు మొదటిరోజే అన్నాడు. ఏంటిది?"

మిల్లీమీటరు తడబడింది. "ట్రైనింగ్‌లో... ఒకరికి పొడిచేముందు ఎంత నొప్పో తెలియాలి కదాని, నాకు నేనే వేసుకున్నానండి. చెయ్యి వణికింది."

సూది బాబు ముఖం చూడాలి అప్పుడు. చెయ్యి వణికినట్టుందే అని మొదటిరోజు వెక్కిరించింది తనే.

"మంచి పనే. మీ అమ్మకి చెప్పావా?" అంది మామ్మగారు.

"లేదండీ."

"ఎందుకని?"

"భయపడుతుంది. సిరా రక్తంలో కలిసిందేమో, సూది మంచిది కాదేమో, పెళ్ళి కాదేమో. మా అమ్మ భయాలకు కొస ఉండదు."

"అంటే కప్పుకున్నావు." మామ్మగారు ఆమె చెయ్యి వదల్లేదు. "నువ్వు మీ అమ్మకి చెప్పు. చెప్పి వచ్చి నా ముందు నిలబడు. చిన్నపిల్లవి నువ్వే చెప్పుకోగలిగితే, నేనూ ఆయనకి చెప్పుకోగలుగుతా. నువ్వు దాస్తే మాత్రం నన్ను అడగకు."

"నానమ్మా, ఆవిడకేం సంబంధం? నీ వైద్యం నీది!"

"నువ్వాగరా సూదిగా."

బుధవారం మధ్యాహ్నం. తల్లి బట్టలు మడతపెడుతోంది. మిల్లీమీటరు ఎదురుగా కూర్చుంది. లేచింది. గ్యాసు చూసి వచ్చింది. మళ్ళీ కూర్చుంది. తను నోరు విప్పకపోతే ఒక ముసలామె చెయ్యి, ఆ మనవడి ముఖం...

"అమ్మా, ఇది పుట్టుమచ్చ కాదు."

తల్లి చేతిలో దిండు గలేబు జారిపోయింది. ముఖం పాలిపోయింది. "తెలుసే. నాకు తెలుసు. మూడేళ్ళుగా అనుకుంటూనే ఉన్నా. చెప్పు, డాక్టరమ్మ ఏమంది? ఎంతవరకు వచ్చింది?"

"ఏంటి వచ్చేది? అమ్మా, అది పచ్చబొట్టు! ట్రైనింగ్‌లో నేనే వేసుకున్నా. నువ్వు భయపడతావని చెప్పలేదు."

తల్లి లేచి బీరువా తీసింది. బట్టల అడుగు నుంచి చించిన క్యాలెండరు కాగితాల కట్ట తెచ్చి ముందు పెట్టింది. ప్రతి కాగితం వెనక ఒక చుక్క. పక్కన తేదీ. పక్కన ఒక దారం ముక్క అంటించి ఉంది.

"ఇవేంటమ్మా?"

"నీకు ఉన్నట్టుండి మచ్చ వచ్చింది కదా. కొత్తగా వచ్చే మచ్చలు మంచివి కావని పేపర్లో చదివాను. ప్రతి నెలా మొదటి ఆదివారం మధ్యాహ్నం నువ్వు నిద్రపోతుంటే దారం పెట్టి కొలిచేదాన్ని. పెరగలేదు, పెరగలేదు అనుకుంటూ వచ్చాను."

మిల్లీమీటరు కాగితాలు లెక్కపెట్టింది. ముప్పై ఏడు.

"నేను చేసేది ఆ ఆసుపత్రిలోనే కదమ్మా. నన్ను ఒక్క మాట అడగొచ్చుగా?"

"అడిగితే నువ్వు అవునంటావేమోనని," అంది తల్లి.

ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు. ముందు తల్లి తేరుకుంది. కూతురి చెయ్యి వెలుతురులోకి తిప్పి, మూడేళ్ళలో మొదటిసారి ఆ చుక్కని భయం లేకుండా చూసింది. "పచ్చబొట్టేనా! ఇంతేనా! మరి వంకరగా ఉందేమే?"

గురువారం పొద్దున మిల్లీమీటరు మామ్మగారి ముందు నిలబడి ముప్పై ఏడు కాగితాల సంగతి చెప్పింది. మామ్మగారు కళ్ళు తుడుచుకుంది. జాకెట్టు చెయ్యి తనే పైకి మడిచింది.

"పొడు తల్లీ. నేను పొద్దున ఆయనకి చెప్పేసే వచ్చా. దాచుకోవడం ఎంత పనో ఆ సోమవారం గీతలతోనే తెలిసింది."

"నొప్పిగా ఉంటుందండీ, చీమ కుట్టినట్టు."

"నీకు తెలుసుగా ఎంత ఉంటుందో. అది చాలు."

మామ్మగారిని బల్ల మీద పడుకోబెట్టింది. సూది బాబు నానమ్మ రెండో చెయ్యి పట్టుకున్నాడు. మిల్లీమీటరు మూడుసార్లు కొలిచింది, నాలుగోసారి అతని వైపు చూసింది. అతను వంగి చూసి తలూపాడు. "సరిగ్గా ఉంది. సూది నిటారుగా పట్టుకో. లోతు వద్దు. ఊపిరి బిగబట్టకు." ఈసారి చెయ్యి వణకలేదు. మూడు చుక్కలూ అంచు చెదరకుండా వచ్చాయి.

ఇరవై ఐదు రోజులూ సజావుగా గడిచాయి. అంత సజావుగా గడుస్తున్నందుకే మిల్లీమీటరు రోజూ కాస్త భయపడింది. చివరి రోజు డాక్టరమ్మ, ఇక ఆర్నెల్లకోసారి కనిపిస్తే చాలు మామ్మగారూ, అంది.

ఆర్నెల్లకోసారి! ఆ మాట ఇంకో ఇద్దరికి నచ్చలేదు.

"మిల్లీమీటర్ గారూ," అన్నాడు సూది బాబు కారిడార్‌లో. "నాకూ ఒక గుర్తు కావాలి."

"మీ నానమ్మకి మాటిచ్చారుగా?"

"అందుకే సూదితో వద్దు. పెన్నుతో." ముంజేయి చాపాడు. "మీ ప్లస్సు."

ఆమె అటూ ఇటూ చూసింది. జేబులోంచి పెన్ను తీసింది. గీసింది. ఎడమకి వాలింది.

"వంకరగా ఉంది," అన్నాడు.

"చెరిగిపోతుందిలెండి."

"చెరగాలనేగా! పచ్చబొట్టయితే ఒక్కసారితో అయిపోతుంది. ఇదయితే రోజూ వచ్చి గీయించుకోవాలి."

"రోజూనా?"

"రోజూ. ముసలివాళ్ళమై, మీ చెయ్యి నిజంగానే వణికేదాకా."

ఆమె పెన్ను మూత పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. తలుపు చాటు నుంచి మామ్మగారి గొంతు వినిపించింది. "ఆ మూతతో ఆడుకున్నది చాలు గానీ, వాళ్ళమ్మని చూడటానికి ఎప్పుడు రమ్మంటుందో అడగరా."

ఆదివారం రమ్మంది. వాళ్ళు వచ్చేసరికి తల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది. పక్క వీధి దాకా చూసొచ్చిందట, దారి తప్పారేమోనని. కూర్చున్నాక అతన్ని ఎగాదిగా చూసింది.

"ప్రతి మనిషికీ సూది మారుస్తావా బాబూ?"

"ప్రతి మనిషికీ కొత్తదేనండీ."

"సిరా?"

"అదీ ఎవరిది వాళ్ళకే. మిగిలితే పారేస్తాను."

"బండి మీద తలకి టోపీ పెట్టుకుంటావా?"

"పెట్టుకుంటాను."

"మెట్లు తడిగా ఉంటాయట మీ షాపులో."

అతను మిల్లీమీటరు వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు చూసింది. "రెయిలింగు పెట్టించానండీ, మొన్ననే."

తల్లి నిట్టూర్చింది. అడగడానికి ఇక ఏమీ మిగలనందుకు కాస్త దిగులుపడ్డట్టే ఉంది. మామ్మగారు నవ్వి, ఇద్దరు పిల్లల చేతులూ తన ఒళ్ళోకి తీసుకుంది. ఒకదాని మీద అంచు చెదిరిన నీలం చుక్క. ఇంకోదాని మీద ఆ పొద్దునే గీసిన ప్లస్సు, తడి ఆరిందో లేదో.

తల్లి దగ్గరికి వంగి ఆ ప్లస్సుని పరీక్షగా చూసింది.

"బాగానే ఉంది," అంది. తర్వాత గొంతు తగ్గించి కూతురితో, "ఆ పెన్నులో ఏం సిరా పోస్తారో ఒకసారి కనుక్కోవే. రోజూ గీస్తానంటున్నావు మరి."